రెండు ఇడ్లీలకు స్తోత్రం

అమ్మలూ,

ప్రభువు నామంలో నీకు, అల్లుడుగారికి, పిల్లలకి, మీ అత్తయ్యగారికి వందనాలు.

మొన్న ఫోన్లో నువ్వన్న మాట అప్పటినుంచీ నా మనసులో తిరుగుతూనే ఉంది. "ఈస్టర్‌కి ముందొచ్చే శ్రమదినాలు మొదలైన భస్మ బుధవారం నుంచి రోజూ రాత్రి కుటుంబ ప్రార్థన పెట్టుకున్నాం పెద్దమ్మా, పది రోజులైంది, 'ఇంతవరకు కాపాడావు, అన్నిటికీ వందనాలు' అన్నాక ఇంకేం చెప్పాలో తోచట్లేదు, పిల్లలు ఆవలిస్తున్నారు, నాకే మొక్కుబడిగా అనిపిస్తోంది" అన్నావు. అప్పుడు మా ఇంట్లో స్త్రీల సమాజం వాళ్లు కూర్చుని ఉన్నారు, సరిగ్గా చెప్పలేకపోయాను. అందుకే ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నాను. కాస్త పొడుగైనా ఓపిగ్గా చదువు.

ముందు ఆ "అన్నిటికీ" అనే మాట పక్కన పెట్టెయ్. కొన్నాళ్లు అసలు వాడకు. అది తప్పు మాట కాదు, కానీ అందులో ఏమీ కనపడదు. ఎవరైనా నీకు చీర పెట్టి, పసుపు కుంకాలకి బదులు మన ఇళ్లలో పెట్టే పళ్లు పెట్టి, నీ బిడ్డని నాలుగు రోజులు చూసుకుంటే, వెళ్లేటప్పుడు "అన్నిటికీ థ్యాంక్స్" అనేసి ఊరుకుంటావా? ఆ చీర రంగు గురించి ఒక మాట అంటావు, పిల్లాడు వాళ్లింట్లో ఎంత బాగా తిన్నాడో అంటావు. దేవుడి దగ్గర కూడా అంతే. పేరు పెట్టి చెప్పాలి.

ఇది నేను పుస్తకంలో చదివి చెప్పట్లేదు. మీ పెదనాన్నగారు మంచాన పడిన ఏడాది నేర్చుకున్నాను. అప్పటికి నేను సండే స్కూల్లో ఎన్నో ఏళ్లు పాఠాలు చెప్పినదాన్ని, ఎక్కడ కూడిక జరిగినా "అమ్మా, ప్రార్థన చెయ్యండి" అని నన్నే లేపేవాళ్లు. అలాంటి నాకు ఆ ఫిబ్రవరిలో నోరు పెగల్లేదు. వాకిట్లో మామిడిచెట్టు నిండా పూత, లోపల మంచం మీద ఆయన, ఆ రెండిటినీ ఒకే ఇంట్లో చూస్తుంటే దేవుడికి ఏం చెప్పాలో తెలిసేది కాదు. మూడు రోజులు ఆయన ఏమీ తినలేదు, గంజి పోస్తే పక్కకి కారిపోయేది. నాలుగో రోజు పొద్దున రెండు ఇడ్లీలు తిన్నారు. చిన్న చిన్న ముక్కలు చేసి, కొబ్బరి చట్నీలో ముంచి నోట్లో పెడితే మెల్లగా నమిలి మింగారు. ఆ రాత్రి ప్రార్థనలో నాకు ఇంకే మాటా రాలేదు. "ప్రభువా, ఈ రోజు ఈయన రెండు ఇడ్లీలు తిన్నారు. స్తోత్రం" అన్నాను. ఆయన కళ్లు మూసుకునే, "చట్నీ సంగతి కూడా చెప్పు" అన్నారు.

ఆ రోజు నుంచి రాత్రిళ్లు ఇద్దరం ఒక్కొక్క సంగతి చెప్పుకునేవాళ్లం. ఆయన బైబిలు వెనక తెల్లకాగితాలు ఉంటాయి కదా, వాటి మీద తేదీ వేసి నేను రాసిపెట్టేదాన్ని. నిన్న తీసి చూశాను. "పెద్దాడు ఫోన్ చేశాడు." "మల్లెచెట్టు మొదటి మొగ్గ." "కరెంటు పోలేదు." "రాత్రి నాలుగు గంటలు నిద్ర పట్టింది." ఒకచోట ఆయనే వణుకుతున్న చేత్తో "పెసరపప్పులో మామిడి పిందెలు" అని రాశారు, అంతే, ఇంకేం లేదు. ఈస్టర్‌కి ముందు వారం వచ్చే మట్టల ఆదివారానికి రెండు రోజుల ముందు ఆయన ప్రభువు దగ్గరికి వెళ్లిపోయారు. నలభై ఏళ్ల కాపురంలో ఎన్నో పెద్ద సంగతులు జరిగాయి, ఇల్లు కట్టాం, పిల్లల పెళ్లిళ్లు చేశాం, అయినా ఆయనతో గడిపిన రోజుల్లో నాకు ఇప్పటికీ చేతితో ముట్టుకున్నట్టు గుర్తున్నవి ఆ చివరి వారాలే, ఎందుకంటే వాటిని మేం రోజూ పేరు పెట్టి పిలిచాం.

సరే, నీ ఇంటి సంగతికి వద్దాం. తొమ్మిదిన్నరకి, భోంచేశాక పెడుతున్నావన్నావు. ఆ టైమ్ మార్చు. అన్నం తిన్న పిల్లలు నిద్రపోకుండా ఎలా ఉంటారు? కంచాలు పెట్టాక, వడ్డించే ముందు కూర్చోండి. కూర వాసన వస్తుంటే పిల్లలు చురుగ్గా ఉంటారు, ప్రార్థన కూడా తొందరగా ముగుస్తుంది. ఐదు నిమిషాలు చాలు. ఒక్కొక్కరు ఒక్కటే చెప్పాలి, అది ఈ రోజుది అయ్యుండాలి, కంటితో చూసిందో చేత్తో ముట్టుకుందో అయ్యుండాలి. నీ చిన్నది "ఐస్‌క్రీమ్‌కి స్తోత్రం" అంటే అననివ్వు. "అలా కాదమ్మా, మంచి ఆరోగ్యానికి అని చెప్పు" అని సరిదిద్దావంటే అది రేపటి నుంచి నువ్వు నేర్పిందే అప్పజెబుతుంది, దాని మనసులోది నీకు ఎప్పటికీ తెలియదు.

వాక్యం చదవాలనిపిస్తే 136వ కీర్తన పెట్టుకో. ఇరవై ఆరు వచనాలు, ప్రతిదాని చివరా "ఆయన కృప నిరంతరముండును" అని వస్తుంది. నువ్వు ముందు సగం చదువు, పిల్లలు రెండో సగం గట్టిగా చెబుతారు, ఆటలా ఉంటుంది. నువ్వు గమనించావో లేదో, ఆ కీర్తన కూడా "అన్నిటికీ" అని ఊరుకోదు. సూర్యుడు, చంద్రుడు, ఎర్ర సముద్రం, అమోరీయుల రాజు సీహోను, బాషాను రాజు ఓగు, ఇలా పేరుపేరునా ఎత్తి చెబుతూ వచ్చి, ఇంత పెద్ద పెద్ద సంగతుల తర్వాత సరిగ్గా ముగిసే ముందు వచనంలో సమస్త జీవులకూ ఆహారం ఇస్తున్నాడు అని అన్నం దగ్గరికి దిగుతుంది. మీరు దాని వెనకే మీ ఇంటి వచనాలు కలుపుకోండి. "ఈ రోజు మంజీరా నీళ్లు రెండు గంటలు వచ్చాయి" అని నువ్వంటే, "ఆయన కృప నిరంతరముండును" అని వాళ్లంటారు. నేను మా మనవళ్లతో చేశాను, వాళ్లు ఆపమన్నా ఆపలేదు.

ఇంకో సంగతి అల్లుడుగారికి కూడా చదివి వినిపించు. మన ఇళ్లలో ఎవరైనా చుట్టాలు భోజనానికి వస్తే, వాళ్లలో ఒకరు లేచి "ఈ ఆహారం సిద్ధపరచిన చేతులను దీవించండి ప్రభువా" అని ప్రార్థన చేస్తారు. ఎంత మంచి మాట! కానీ సొంత ఇంట్లో రోజూ తినే కంచం ముందు ఆ మాట ఎవరంటున్నారు చెప్పు? దేవుడికి ఐదు నిమిషాలు స్తోత్రం చెప్పి, పొయ్యి దగ్గర నిలబడ్డ మనిషి వైపు తల తిప్పకుండా తినే మగవాళ్లని నేను ఎంతమందినో చూశాను. అది నాకు ఏనాడూ నచ్చలేదు. ఇది ఇచ్చిన దేవుడికీ చెప్పాలి, దాన్ని తెచ్చిన మనిషికీ చెప్పాలి. అల్లుడుగారు నీకు చెప్పాలి, నువ్వు ఆయనకి చెప్పాలి. మీ అత్తయ్యగారికి ఇద్దరూ చెప్పాలి.

అత్తయ్యగారి గురించి నువ్వు కాస్త విసుగ్గా మాట్లాడావు, నేను విన్నాను. పొద్దున్నే నీకంటే ముందు లేచి వంటింట్లో గిన్నెలు చప్పుడు చేస్తారని, పిల్లల బాక్సుల్లో నువ్వు పెట్టింది తీసేసి ఆవిడకి నచ్చింది పెడతారని. తల్లీ, మంచి శుక్రవారం నాడు పన్నెండు నుంచి మూడింటి దాకా చర్చిలో ప్రభువు సిలువ మీద పలికిన ఏడు మాటలూ వింటాం కదా, అందులో మూడో మాట దగ్గరికి వచ్చినప్పుడు ఈసారి నీ ఇంటిని తలుచుకో. సిలువ మీద ఊపిరి అందని ఆ గడియలో ఆయన చూసుకున్న పని ఏంటి? తల్లికి ఒక ఇల్లు చూసిపెట్టడం. "ఆ గడియ నుంచి ఆ శిష్యుడు ఆమెను తన ఇంట చేర్చుకున్నాడు" అని యోహాను రాస్తాడు. ఆవిడని నీ ఇంట చేర్చుకున్నావు, అది చిన్న పని కాదు. ఇంక ఒక్క అడుగు ముందుకి వెయ్యి. రేపు ప్రార్థనలో "నాన్నమ్మగారు కట్టిన బాక్సులకి స్తోత్రం" అని ఆవిడ వినేలా చెప్పు. తర్వాత ఆవిడ వంతు వచ్చినప్పుడు తొందరపెట్టకు. పెద్దవాళ్ల స్తోత్రాలు పొడుగ్గానే ఉంటాయి, చనిపోయిన వాళ్ల దగ్గర మొదలుపెట్టి ఈ రోజు దాకా వస్తారు. ఆ పొడుగులోనే నీ పిల్లలకి వాళ్ల తాతగారు పరిచయమవుతారు.

పిల్లలకి చేతిపని కూడా ఒకటి పెట్టు. మా అమ్మ అన్నం వండే ప్రతిసారీ బియ్యం కడగకముందు ఒక గుప్పెడు తీసి వేరే డబ్బాలో వేసేది, ఆదివారం అది గుడికి వెళ్లేది. అది కూలి పనుల ఇల్లు, మా తిండి బియ్యం ఎప్పుడూ డబ్బా అడుగునే ఉండేది, అయినా గుప్పెడు మాత్రం నిండుగా తీసేది. వేళ్ల సందుల్లోంచి గింజలు జారితే ఏరి మళ్లీ ఆ గుప్పెట్లోనే వేసేది. నీ పిల్లల చేతులు చిన్నవి, రైస్ కుక్కర్ పెట్టే ముందు వాళ్ల చేతే తీయించు. అక్కడ మీ చర్చిలో బియ్యం తీసుకునే పద్ధతి లేకపోతే మీ అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ ఇంటికి పంపు, వాళ్ల చేతులతోనే ఇప్పించు.

ఇక నువ్వు అడగని సంగతి ఒకటి ఉంది. అల్లుడుగారి ఆఫీసులో మనుషుల్ని తీసేస్తున్నారని, ఆయనకి రాత్రిళ్లు నిద్ర పట్టట్లేదని మీ అమ్మ చెప్పింది. ఆ టెన్షన్ని దాచి పైపైన స్తోత్రాలు చెప్పమని నేను అనట్లేదు. అలా చేస్తే పిల్లలకి వెంటనే తెలిసిపోతుంది, ఇంట్లో ఒకటి, ప్రార్థనలో ఒకటి అని. ముందు భయం భయంగానే చెప్పండి, పిల్లల ముందే చెప్పండి, "నాన్నకి ఉద్యోగం గురించి బెంగగా ఉంది ప్రభువా" అని. ఆ తర్వాత ఆ రోజు దొరికిన ఒక్క సంగతి చెప్పండి. పౌలు రాసింది "ప్రతి విషయమునందును కృతజ్ఞతాస్తుతులు చెల్లించుడి" అని. ఆ "నందును" అన్నచోట కాస్త ఆగు. ప్రతి విషయం కోసమూ అని అక్కడ అనలేదు ఆయన. మీ పెదనాన్నగారి జబ్బుకి నేను ఏ రోజూ స్తోత్రం చెప్పలేదు, చెప్పను కూడా. ఆ జబ్బులో దొరికిన ఇడ్లీలకి చెప్పాను. ఈ తేడా తెలియక చాలామంది మంచి మనుషులు కష్టంలో ఉన్నవాళ్లని "దీనికి కూడా స్తుతించండి" అని గాయపరుస్తారు, నువ్వు ఎవరినీ అలా అనకు.

ఇక్కడ ఊళ్లో ఇప్పుడు ఎంత బాగుందో. మినుము కోతలు అయిపోయాయి, కళ్లాల్లో దుమ్ము. పొద్దున్న గాలికి మామిడి పిందెలు రాలితే పక్కింటి పిల్లలు ఉప్పూ కారం పొట్లంతో వచ్చి కూర్చుంటున్నారు. ఉగాదికి వాళ్లు మనకి బొబ్బట్లు పంపుతారు, ఈస్టర్‌కి మనం వాళ్లకి పలావు పంపుతాం, మీ పెదనాన్నగారు ఉన్నప్పటి నుంచీ అదే వరస.

ఈసారి ఈస్టర్ ఏప్రిల్ 5న. ఎలాగైనా రండి. మీకు పెళ్లయ్యాక ఒక్కసారైనా మన ఊరి ఈస్టర్ చూపించాలని నా కోరిక. మట్టల ఆదివారానికి కుదరదని తెలుసు, పిల్లలకి స్కూలు. కానీ గురువారం రాత్రి బయల్దేరితే మంచి శుక్రవారం ఏడు మాటలకి అందుకుంటారు, రైలు టికెట్లు ఇప్పుడే చేయించండి. శనివారం పొద్దున పెద్దనాన్నగారి సమాధికి సున్నం వెయ్యాలి, నీ కొడుకు చేత వేయిస్తాను, వాడికి బ్రష్ ఇస్తే చాలు. బంతిపూలు దొడ్లోవే ఉంటాయి, కొవ్వొత్తులు నేను తెచ్చిపెడతాను. ఆదివారం తెల్లవారుజామున నాలుగింటికి అందరం సమాధుల తోటకి నడిచి వెళ్తాం. ఈస్టర్ ఎప్పుడూ పున్నమి దాటాకే కదా వచ్చేది, ఈసారి పున్నమై మూడు రోజులే అవుతుంది, పడమటి వైపు చంద్రుడు ఇంకా ఉంటాడు, కింద ప్రతి సమాధి మీదా దీపం. చీకట్లోనే పాటలు మొదలవుతాయి. పాస్టరు అయ్యగారు యోహాను ఇరవయ్యో అధ్యాయం చదువుతారు. మగ్దలేనే మరియ తిరిగి లేచిన ప్రభువుని తోటమాలి అనుకుంటుంది, ఎదురుగా నిలబడి మాట్లాడినా గుర్తుపట్టదు, "మరియా" అని పేరు పెట్టి పిలిచాకే గుర్తుపడుతుంది. ఆ మాట చదివేటప్పుడు నేను ప్రతి ఏడూ మీ పెదనాన్నగారి సమాధి రాతి మీద చెయ్యి వేసి నిలబడతాను.

తెల్లారాక ఇంటికొచ్చి టిఫిన్ తింటాం. ఆ తర్వాతి అధ్యాయంలో ప్రభువు కూడా ఒడ్డున నిప్పులు పేర్చి చేపలు కాల్చి, రాత్రంతా వలలు లాగి అలిసిపోయిన వాళ్లని "రండి, భోజనము చేయుడి" అని పిలుస్తాడు. శనివారం సాయంత్రమే పిండి రుబ్బి పెడతాను, మినప్పప్పు ఈ ఏడాది కొత్త పంటది. చట్నీకి కొబ్బరికాయలు మన చెట్టువే. ఎంతమంది వస్తున్నారో, అత్తయ్యగారు నడవగలరో లేదో ముందే చెబితే ఆటో మాట్లాడి ఉంచుతాను.

ప్రేమతో,
మీ పెద్దమ్మ