కన్ఫ్యూషియస్ ముందు పాఠం చెప్పింది పెద్దలకే

"కన్ఫ్యూషియనిజం చైనాలో ఎలా పుట్టింది? దాని ముఖ్యమైన ఆదర్శాలు ఏమిటి? పెద్దలు చెప్పినదానికల్లా తలూపడమే కదా దాని సారం?" అని నన్ను ఒకరు అడిగారు. మొదటి రెండు ప్రశ్నలకు జవాబు ఎక్కడైనా దొరుకుతుంది. నేను రాస్తున్నది మూడోదాని కోసం. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. నేను వైద్యవిద్య చదివింది షాన్‌డాంగ్ రాష్ట్రంలో. కన్ఫ్యూషియస్ పుట్టిపెరిగిన ఛూఫు ఊరు అక్కడిదే. కాబట్టి నాకు కాస్త మాట్లాడే హక్కు ఉందనే అనుకుంటాను.

మొదట ఒక సంగతి. ఆయన మతం స్థాపించడానికి బయలుదేరిన మనిషి కాదు, సరైన కొలువు కోసం బయలుదేరిన మనిషి. క్రీ.పూ. 551లో లూ అనే రాజ్యంలో పుట్టారు. పసితనంలోనే తండ్రి పోతే తల్లి పెంచింది. కుర్రతనంలో ధాన్యపు కొట్ల లెక్కలు చూశారు, పశువుల మందలు చూశారు. అప్పటికి చైనా మొత్తానికీ పైవాడైన జౌ వంశపు రాజు పేరుకే రాజు. క్రీ.పూ. 770లో రాజధాని తూర్పున లువోయాంగ్‌కు మారినప్పటినుంచి సామంతులదే ఇష్టారాజ్యం. లూ రాజ్యంలోనైతే ఆ సామంతుడి నెత్తిన మరో మూడు కుటుంబాలు ఎక్కి కూర్చున్నాయి. వాటిలో జీ కుటుంబం తన లోగిలిలో ఎనిమిది వరసల నాట్యం ఆడించింది. ఎనిమిది వరసలు జౌ రాజుకు మాత్రమే చెల్లుతాయి. "దీన్ని సహిస్తే ఇక సహించలేనిది ఏముంది?" అన్నారు కన్ఫ్యూషియస్.

నాట్యం గురించి ఇంత రాద్ధాంతమా అనిపించవచ్చు. తనది కాని మర్యాదను ఈరోజు లాక్కున్నవాడు రేపు తనది కాని దేన్నయినా లాక్కుంటాడని ఆయన లెక్క. 'లీ' అని ఆయన పదేపదే చెప్పే ఆచారమర్యాదల గొడవంతా ఇక్కడినుంచే మొదలవుతుంది. ఆ కోపం ఎవరి మీదో కూడా గమనించండి. కూలివాడి మీద కాదు, ఆ రాజ్యంలో అందరికన్నా బలిసిన కుటుంబం మీద.

లూలో దొరికిన కొలువు కూడా ఆయనకు నిలవలేదు. శిష్యులను వెంటబెట్టుకుని ఏళ్ల తరబడి రాజ్యం తర్వాత రాజ్యం తిరిగి, క్రీ.పూ. 484లో సొంతగడ్డకు వచ్చి, పాఠాలు చెప్పుకుంటూ 479లో పోయారు. శిష్యులూ వాళ్ల శిష్యులూ గుర్తుపెట్టుకుని కూర్చిన ఆయన మాటలే 'లున్‌యు', ఇరవై అధ్యాయాలు. ఛీ రాజ్యపు పాలకుడు మంచి పాలన అంటే ఏమిటని అడిగితే అందులో ఆయన ఇచ్చిన జవాబు: రాజు రాజులా, మంత్రి మంత్రిలా, తండ్రి తండ్రిలా, కొడుకు కొడుకులా ఉండాలి. దీన్నే "నోరు మూసుకుని నీ స్థానంలో ఉండు" అని చదివేవాళ్లు ఉన్నారు. వరస చూడండి. మొదట రాజు. అడిగినవాడూ రాజే.

ఇది నాకు పుస్తకంలో కాదు, భోజనాల బల్ల దగ్గర అర్థమైంది. మాకు చైనా భాష నేర్పిన మేడమ్‌ది ఛూఫు పక్క పల్లె. ఇంటిపేరు ఖుంగ్, అంటే కన్ఫ్యూషియస్ వంశమే. అక్టోబరు సెలవుల్లో నన్ను వాళ్లింటికి తీసుకెళ్లారు. షాన్‌డాంగ్‌లో గుండ్రటి బల్ల చుట్టూ ఎవరు ఎక్కడ కూర్చోవాలన్నది ఒక శాస్త్రం. గుమ్మానికి ఎదురుగా ఇంటి యజమాని, ఆయన కుడిపక్కన ముఖ్య అతిథి, ఎడమపక్కన రెండో అతిథి, గుమ్మానికి వీపు పెట్టి రెండో యజమాని. ఇది అందరికీ తెలుసు, అయినా ఎవరూ కూర్చోరు. "మీరు పైకి రండి", "అయ్యో, నేనెక్కడ, మీరే" అంటూ ఒకరి చేయి ఒకరు పట్టి లాక్కోవడమే సరిపోయింది. చేపల పులుసు చల్లారిపోతోంది. నాకైతే ఆకలి.

అప్పుడు పదేళ్ల పిల్లవాడు ఫోనులో ఆట ఆడుకుంటూ లోపలికి వచ్చాడు. మేడమ్ వాళ్ల నాన్న, అరవై దాటినాయన, లేచి నిలబడి "చిన్న తాతా, రండి" అన్నారు. వేళాకోళం అనుకున్నాను. సగం వేళాకోళమే, సగం కాదు. ఖుంగ్ వంశంలో ఒక్కో తరానికి పేరులో ఒక అక్షరం ముందే నిర్ణయమై ఉంటుంది. ఆ పిల్లవాడి పేరులో ఉన్నది 'షియాంగ్', అంటే 75వ తరం. పెద్దాయన పేరులో 'ద', అంటే 77వ తరం. వయసు ఎంతైనా వరస వరసే. మన ఇళ్లలోనూ తనకన్నా చిన్నవాడిని బాబాయి అని పిలవాల్సిన బాధితులు ఉంటారు కాబట్టి నాకు చప్పున అర్థమైంది.

వెంటనే ఆ పిల్లవాడి తల్లి వాడి చేతిలోంచి ఫోను లాక్కుని "తాతవి, తాతలా ఉండు" అంది. వాడి ముఖం ఎర్రబడింది. బల్ల మీద తిరిగే గాజు పళ్లేన్ని మెల్లగా తిప్పి, కోడిమాంసంలో మంచి ముక్క ఏరి, రెండు చేతులతో గిన్నె పట్టుకుని ఆ పెద్దాయన ముందు పెట్టాడు. తర్వాతే తను తిన్నాడు. వరసలో పైన ఉన్నందుకు వాడికి దక్కిన లాభం ఏమిటో మీరే చెప్పండి. ఫోను పోయింది, మంచి ముక్క పోయింది, నిటారుగా కూర్చోవాల్సి వచ్చింది. నేను చెప్పే కన్ఫ్యూషియనిజం ఇదే. దీనికి నా దగ్గర వేరే సాక్ష్యం లేదు, అక్కర్లేదు కూడా.

తాగుడు సంగతి వేరే. అక్కడ గ్లాసులు తాకించేటప్పుడు పెద్దవాళ్ల గ్లాసు కన్నా మన గ్లాసు అంచు కిందికి ఉండాలి. ఇద్దరూ వినయవంతులైతే రెండు గ్లాసులూ బల్లకు తగిలేదాకా దిగుతాయి. "మద్యానికి పరిమితి లేదు" అని లున్‌యులో ఉందని పెద్దాయన గర్వంగా చెప్పారు. "మతి తప్పనంతవరకు" అన్న మిగతా సగం మేడమ్ పూర్తిచేశారు.

ఇంకొకటి కూడా చెప్పకపోతే అన్యాయం. ఈ తతంగం సాగినంతసేపూ మేడమ్ వాళ్లమ్మగారు వంటింట్లోంచి బయటికి రాలేదు. ఖుంగ్ వంశవృక్షంలో ఆడపిల్లల పేర్లు చేరింది 2009లో అచ్చయిన ప్రతిలోనే, అంతకుముందు లేవు. ఆడవాళ్లతోనూ అల్పులతోనూ వేగడం కష్టమని కన్ఫ్యూషియస్ అన్న మాట ఒకటి ఉంది. పండితులు దానికి రకరకాల సర్దుబాట్లు చెబుతారు. నాకు ఒక్కటీ ఆనలేదు. ఆ ఒక్క విషయంలో ఆయనను వదిలేయను.

మరి తలూపే బుద్ధి ఎక్కడినుంచి వచ్చిందంటారా? సింహాసనాల నుంచి. హాన్ చక్రవర్తి వూ క్రీ.పూ. 124లో రాజధానిలో విద్యాపీఠం పెట్టి కన్ఫ్యూషియన్ గ్రంథాలను కొలువుకు దారి చేశాడు. 1313లో ఆ గ్రంథాలకు జూ షీ అనే పండితుడు రాసిన వ్యాఖ్యానాలను కొలువు పరీక్షలకు ప్రమాణం చేశారు. 1905లో ఆ పరీక్షలు రద్దయ్యేదాకా కుర్రాళ్లు బట్టీ పడుతూనే ఉన్నారు. అన్నిటికన్నా నాకు నచ్చే రుజువు మెన్షియస్‌ది. కన్ఫ్యూషియస్ తర్వాత వందేళ్లకు పుట్టి, ఆయన బాటలోనే నడిచిన ఈయనను ఒక రాజు, ప్రజలను పీడించిన పాత రాజును సామంతుడు చంపడం న్యాయమేనా అని అడిగాడు. "ఒక దుర్మార్గుణ్ణి శిక్షించారని విన్నాను, రాజును చంపారని వినలేదు" అన్నాడాయన. ఇలాంటి మాటలు మింగుడుపడక మింగ్ వంశపు తొలి చక్రవర్తి 1394లో మెన్షియస్ గ్రంథం నుంచి 85 భాగాలు కోయించాడు. తలూపమనే గ్రంథమైతే కోయించే అవసరం ఏమొచ్చింది?

బట్టీ అంటే గుర్తొచ్చింది. మా బంధువుల వాట్సాప్ గుంపులో రోజూ పొద్దున్నే పువ్వుల బొమ్మ మీద కన్ఫ్యూషియస్ సూక్తి వస్తుంది. "నచ్చిన పని ఎంచుకుంటే జీవితంలో ఒక్కరోజూ పని చేయనక్కర్లేదు" అని. లున్‌యు ఇరవై అధ్యాయాల్లో ఆ మాట లేదు. ఏ ఉద్యోగ సలహాదారో రాసుకున్నదాన్ని పాపం ఆయన మెడకు చుట్టారు. ఆయన నిజంగా అన్నది "నీకు ఇష్టం లేనిది ఇతరులకు చేయకు" అని. అది పంపితే పొద్దున్నే సూక్తులు పంపడం ఆపాల్సి వస్తుందేమో.

తల్లిదండ్రుల విషయానికి వస్తాను, ఈ సిద్ధాంతానికి వేరు అదే. శిష్యుడు అడిగితే ఆయన చెప్పింది ఇది: ఈ రోజుల్లో తల్లిదండ్రులకు తిండి పెట్టడమే పితృభక్తి అంటున్నారు, కుక్కలకూ గుర్రాలకూ తిండి పెడుతూనే ఉన్నాం కదా, గౌరవం లేకపోతే తేడా ఏమిటి? మన దేశంలో 2007 నాటి వృద్ధుల పోషణ చట్టం పిల్లల నుంచి నెలకు రూ. 10,000 దాకా ఇప్పిస్తుంది. చైనా 2013 జులై 1 నుంచి అమలు చేసిన చట్టం ఇంకో మెట్టు ఎక్కి, వేరే ఊళ్లో ఉండే పిల్లలు తరచుగా వచ్చి పలకరించాలని రాసింది. ఆ రోజే వూషీ నగరంలో ఒక కోర్టు, కనీసం రెండు నెలలకొకసారి తల్లిని చూసి రమ్మని కూతురికి తీర్పు చెప్పింది. మన చట్టం తిండి దగ్గర ఆగింది, వాళ్లది గుమ్మం దాకా వచ్చింది. గౌరవం సంగతి ఏ కోర్టూ తేల్చలేదు. ఆ కూతురు తల్లి ఎదురుగా ఫోను చూసుకుంటూ కూర్చుంటే జడ్జి ఏం చేస్తాడు? అమెరికాలో ఉండి హాల్లో కెమెరా పెట్టించి అమ్మానాన్నలను 'చూసుకుంటున్న' మా అన్నయ్యకు ఈ వాక్యం చదివి వినిపించాను. కెమెరా చాలా ఖరీదైనదని చెప్పాడు.

ఇది మతమా అని కూడా కొందరు అడుగుతుంటారు. ఛూఫులో పెద్ద గుడి ఉంది, ముందు వరసలో రాతి స్తంభాల మీద చెక్కిన డ్రాగన్లు ఉన్నాయి, పరీక్షల ముందు పిల్లలు వచ్చి మొక్కుతారు. ఆయన మాత్రం మనుషులను సేవించడమే చేతకానప్పుడు దేవతలను ఏం సేవిస్తాం అన్నారు. అదే ఊళ్లో వంశ శ్మశానం. 1966 నవంబరులో మావో సాంస్కృతిక విప్లవపు కుర్రదళాలు, రెడ్ గార్డులు, బీజింగ్ నుంచి వచ్చి శిలాఫలకాలు పగలగొట్టారు, సమాధులు తవ్వారు. కన్ఫ్యూషియస్ సమాధి మీది ఫలకంలో అతుకులు ఇప్పటికీ కనిపిస్తాయి. మేడమ్ వాళ్ల నాన్న అప్పటికి బడికి వెళ్లే వయసువారు. ఆ రోజుల గురించి అడిగితే నా గిన్నెలో ఇంకాస్త చేప వేశారు.

చదవాలనుకుంటే లున్‌యు రెండో అధ్యాయంతో మొదలుపెట్టండి, కుక్కలూ గుర్రాల మాట అందులోనే ఉంది. పదోది తర్వాత చూసుకోవచ్చు. అందులో ఎక్కువ భాగం ఆయన ఏ బట్టలు కట్టేవారు, ఏం తినేవారు కాదు అన్నదే.