స్టోర్ రూమ్‌లో చెమ్మకు పాడైన క్లైంబింగ్ సామాను: నష్టపరిహారం ఎవరిని అడగాలి?

ప్రశ్న: భువనగిరి ఖిల్లా దగ్గర రాక్ క్లైంబింగ్ చేస్తుంటాను. జూన్‌లో విదేశం వెళ్తూ నా 60 మీటర్ల రోప్, హార్నెస్, 12 క్విక్‌డ్రాలు (పట్టీకి రెండు వైపులా కొక్కేలుండేవి), నైలాన్ స్లింగులు (పట్టీలు) హైదరాబాద్‌లోని ఒక క్లైంబింగ్ జిమ్ స్టోర్ రూమ్‌లో నెలనెలా అద్దె కట్టేలా అప్పగించాను. అక్టోబర్‌లో వచ్చి చూస్తే గోడంతా చెమ్మ. రోప్ బూజు వాసన, కారాబినర్ల (క్విక్‌డ్రాల లోహపు కొక్కేల) మీద తెల్లటి పొడి, కొన్నింటి గేట్లు (స్ప్రింగుతో మూసుకునే భాగాలు) బిగుసుకుపోయాయి. రసీదు వెనక ‘సామాను పాడైతే మాకు బాధ్యత లేదు’ అని ఉందని, పైగా నేనే తడి రోప్ పెట్టానని జిమ్ వాళ్లంటున్నారు. చివరి రోజు చిన్న జల్లు పడిన మాట నిజమే. బిల్లులు 58 వేలకు ఉన్నాయి. జిమ్ మీద కేసు వేయాలా, సామాను తయారుచేసిన కంపెనీ మీదా?

జవాబు: జిమ్ మీద వేయండి. కంపెనీ జోలికి వెళ్తే డబ్బూ కాలమూ వృథా. ఈ సామానుకు కంపెనీలిచ్చే గ్యారంటీ ముడిసరుకులోనో తయారీలోనో లోపముంటేనే వర్తిస్తుంది. ఉదాహరణకు క్లైంబింగ్ సామాను తయారుచేసే పెట్జల్ కంపెనీ మూడేళ్ల గ్యారంటీ కాగితంలో మామూలు అరుగుదల, ఆక్సీకరణ, సరిగ్గా భద్రపరచకపోవడం ముందే మినహాయించి ఉంటాయి. మీ కారాబినర్ల మీది తెల్లపొడి ఆక్సీకరణే.

జిమ్ సంగతి వేరు. డబ్బు తీసుకుని, మళ్లీ తిరిగిచ్చే షరతు మీద మీ సామాను తమ చేతిలోకి తీసుకున్నారు. భారత కాంట్రాక్టు చట్టం, 1872 సెక్షన్ 148 ప్రకారం ఇది బెయిల్‌మెంట్. సెక్షన్ 151 ప్రకారం, మామూలు వివేకమున్న మనిషి అంతే విలువైన సొంత వస్తువును ఎలా చూసుకుంటాడో అలా చూసుకోవాలి. వానాకాలమంతా చెమ్మ గోడ పక్కన వదిలేయడం ఆ కొలతకు నిలవదు. తాళంచెవి మీ దగ్గరే ఉంచుకుని లాకర్ మాత్రమే అద్దెకు తీసుకుని ఉంటే, అది బెయిల్‌మెంటే కాదని వాదిస్తారు. అప్పుడూ సేవాలోపం కింద వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు. 2021లో ఒక బ్యాంకు లాకర్ కేసులో సుప్రీంకోర్టు బెయిల్‌మెంట్ ప్రశ్నను పక్కనపెట్టి, ఖాతాదారు పట్ల బ్యాంకుకు విడిగా జాగ్రత్త బాధ్యత ఉందని చెప్పింది. జిమ్‌కు అది నేరుగా వర్తించకపోయినా వాదనకు బలమిస్తుంది.

రసీదు వెనక రాతకు భయపడకండి. హోటల్ సిబ్బంది చేతికి తాళమిచ్చిన కారు పోయిన కేసులో 2019లో సుప్రీంకోర్టు ఇలాంటి షరతునే పరిశీలించింది. వస్తువు తమ స్వాధీనంలోకి వచ్చాక, తమ నిర్లక్ష్యానికి బాధ్యత లేదని చీటీ మీద రాసుకుని హోటల్ తప్పించుకోలేదని తేల్చింది. తగిన జాగ్రత్త తీసుకున్నామని చూపాల్సిన భారం కూడా హోటల్ మీదే పెట్టింది.

మీకు అసలు చిక్కు ఆ చిన్న జల్లు. తడి ఎటునుంచి వచ్చింది, బ్యాగు లోపలి నుంచా, గోడ నుంచా? కేసు దీని మీదే తేలుతుంది. బ్యాగు బయట నీటి చారలు, సున్నం పెచ్చులు, గోడవైపు మాత్రమే మరకలు ఉంటే నీరు బయటిది. బయట శుభ్రంగా ఉండి రోప్ చుట్ట నడిమధ్యలో మాత్రమే బూజు ఉంటే వేలు మీవైపే చూపిస్తుంది. పక్కన ఇతరుల బ్యాగులూ పాడై ఉంటే అంతకన్నా మంచి సాక్ష్యం లేదు, వాళ్లతో వెంటనే మాట్లాడండి. జల్లు పడిన మాట మాత్రం దాచొద్దు. ప్రమాణపత్రంలో (అఫిడవిట్‌లో) అబద్ధం బయటపడితే మిగతా నిజాలనూ ఎవరూ నమ్మరు.

కాబట్టి ఇప్పుడే ఏదీ ఉతకొద్దు, గేట్లకు నూనె పెట్టొద్దు. ముందు గోడ, నేల, బ్యాగు ఉన్న చోటు, ఒక్కో పరికరం మీది సీరియల్ నంబరు కనిపించేలా ఫోటోలు, వీడియో తీయండి. ఇద్దరు సాక్షుల సంతకాలతో జాబితా రాయండి, జిమ్ మేనేజరు సంతకం పెట్టనంటే ఆ మాటా అందులో రాయండి. సీసీ కెమెరా రికార్డింగు చెరపొద్దని మెయిల్ పంపండి. ఫోటోలు, వాట్సాప్ సందేశాలకు భారతీయ సాక్ష్య అధినియం, 2023 సెక్షన్ 63 కింద ధ్రువపత్రం జతచేస్తే తర్వాత అభ్యంతరం రాదు. ఇదంతా అయ్యాక రోప్‌ను నీడలో ఆరబెట్టొచ్చు. నష్టం పెరగకుండా చూసుకోవడం మీ పనే, లేకపోతే పరిహారంలో కోత పడుతుంది. తుప్పు పట్టిన కారాబినర్లు రెండు మూడు మాత్రం తుడవకుండా ఉంచండి.

‘ఆరితే రోప్ బాగానే ఉంటుంది’ అని అవతలి లాయరు తప్పక అంటారు. అందులో సగం నిజముంది. నైలాన్ నీళ్లు పీల్చుకున్నప్పుడు బలం తగ్గినా, ఆరాక చాలావరకు తిరిగొస్తుంది. బూజు వల్ల ముఖ్యంగా మరకా, వాసనా మిగులుతాయి. అందుకే ‘బూజు పట్టింది, పనికిరాదు’ అన్న ఒక్క మాట మీద కేసు నడపొద్దు. కారిన నీళ్లతో ఇంకేం వచ్చిందో చూడండి. ఆ గదిలో ఇన్వర్టర్ బ్యాటరీ ఉందా? ఆమ్లం తగిలిన నైలాన్ కంటికి బాగానే కనిపిస్తూ బరువు పడితే తెగుతుంది, అలాంటి అనుమానమున్న రోప్‌ను తీసేయాల్సిందే. సిమెంటు గోడ నుంచి కారిన క్షారపు నీరు అల్యూమినియాన్ని తింటుంది. కారాబినర్ మీద పొడి తుడిస్తే పోయి లోహం నున్నగా ఉంటే అది పైపై మరకే. గుంటలు పడినా, గేటు దానంతటది మూసుకోకపోయినా ఇక వాడకూడదు. ఒక్కో పరికరం గురించి ఇలా విడివిడిగా, తనిఖీలో శిక్షణ ఉన్న వ్యక్తి చేత రాయించి ప్రమాణపత్రంగా దాఖలు చేయండి. వస్తువును ల్యాబ్‌కు పంపమని అడిగే వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 38(2)(సి) అమ్మిన వస్తువులోని లోపానికి ఉద్దేశించింది, సేవాలోపం కేసులో దాని మీద ఆశ పెట్టుకోకండి.

మొదట స్పీడ్ పోస్టులో 15 రోజుల గడువుతో నోటీసివ్వండి. స్పందన లేకపోతే వినియోగదారుల రక్షణ చట్టం, 2019 సెక్షన్ 35 కింద మీరు నివసించే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేయొచ్చు. సేవకు చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు లేదు, లాయరు తప్పనిసరీ కాదు. గడువు రెండేళ్లు. ముందుగా 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో నమోదు చేస్తే కొన్నిసార్లు అక్కడే తేలిపోతుంది.

58 వేలూ వస్తాయనుకోకండి. రోప్, హార్నెస్, స్లింగులకు చాలా కంపెనీలు తయారైన నాటి నుంచి గరిష్ఠంగా పదేళ్ల ఆయుష్షే చెబుతాయి. నాలుగేళ్లు వాడిన రోప్‌కు కొత్త ధర అడిగితే కమిషన్ తరుగుదల తీసేస్తుంది. లోహపు సామానుకు అలాంటి వయసు పరిమితి సాధారణంగా ఉండదు, దానికి గట్టిగా అడగండి. కట్టిన అద్దె వాపసు, తనిఖీ ఖర్చు, మానసిక వేదన, కేసు ఖర్చులు విడిగా రాయండి.

మధ్యలో జిమ్ రాజీకొచ్చి, తరుగుదల పోను మిగిలే విలువకు దగ్గరగా ఇస్తానంటే నేనైతే తీసుకోమంటాను. రాజీ కాగితంలో పాడైన పరికరాల సీరియల్ నంబర్లు రాసి, అవి వాడకం నుంచి తీసేసినట్టు ఇద్దరూ సంతకాలు చేయండి. డబ్బు చేతికందాక, పనికిరాదని తేలిన రోప్‌ను ముక్కలుగా కోసేయండి.