ఉల్క కానిదాన్ని ముందు గుర్తుపట్టు

చిరంజీవి అమ్మాయికి,

బాబాయి ఆశీస్సులు. డిసెంబరులో వచ్చే జెమినిడ్ ఉల్కాపాతాన్ని ఈసారి రాడార్ పద్ధతిలో లెక్కపెడతానని రాశావు. మంచి పని పెట్టుకున్నావు. మబ్బులు కమ్మినా, పున్నమి వెన్నెల కాసినా, పట్టపగలైనా దీనికి అడ్డు లేదు. జూన్ మొదటి వారంలో జోరందుకునే ఏరియెటిడ్‌లు పగటి ఉల్కలు. 1947లో ఇంగ్లండ్‌లోని జోడ్రెల్ బ్యాంక్ వేధశాల రాడార్ పట్టేదాకా అలాంటి ఉల్కాపాతం ఒకటుందని తెలియనే లేదు.

సొంత రాడార్ అక్కర్లేదు. ఎవరో పంపుతున్న తరంగాలను నువ్వు వింటే చాలు. ఉల్క సుమారు 80 నుంచి 120 కిలోమీటర్ల ఎత్తున మండుతూ అయనీకరణం చెందిన, అంటే విద్యుదావేశం ఉన్న చారను వదులుతుంది. దిగంతానికి అవతలి ట్రాన్స్‌మిటర్ మామూలుగా నీకు వినబడదు. ఆ చారకు తగిలి తిరిగివస్తేనే వినబడుతుంది. కాబట్టి 500 నుంచి 2,000 కిలోమీటర్ల దూరంలోని స్టేషన్‌ను ఎంచుకో. యూరప్‌లో ఉన్నవాళ్లకు ఫ్రాన్స్‌లోని గ్రావ్ రాడార్ వరం లాంటిది. ఉపగ్రహాల కోసం కట్టిన ఆ రాడార్ 143.050 మెగాహెర్ట్జ్‌లో ఆగకుండా ప్రసారం చేస్తుంది. రిసీవర్‌ను అప్పర్ సైడ్‌బ్యాండ్‌లో (యూఎస్‌బీ అని ఉండే మోడ్‌లో) 143.049కి పెడితే ఉల్క పడ్డప్పుడల్లా ఈల వినిపిస్తుంది. అలాంటిది అందని చోట దూరపు ఎఫ్‌ఎం స్టేషనే గతి, అదీ ఆ ఫ్రీక్వెన్సీలో దగ్గరి స్టేషన్ లేకపోతేనే. ఎస్‌డీఆర్ డాంగిల్ (కంప్యూటర్‌కు తగిలించే చిన్న రేడియో రిసీవర్), ఒక దిక్కుకు గురిపెట్టే చిన్న యాగీ యాంటెన్నా సరిపోతాయి. ఖరీదైన వాటి జోలికి పోకు.

అసలు పని, అందిన ఫ్రీక్వెన్సీలను బొమ్మగా చూపే కంప్యూటర్ తెర ముందు కూర్చోవడం. మొదటి వారం సాఫ్ట్‌వేర్‌తో లెక్కపెట్టించకు, అది విమానాన్ని కూడా ఉల్కల ఖాతాలో రాసేస్తుంది. విమానం తెర మీద నింపాదిగా ఒరుగుతూ సాగే గీత. మెరుపు అన్ని ఫ్రీక్వెన్సీలనూ ఒక్కసారిగా కోస్తుంది. చిన్న ఉల్క చటుక్కున మెరిసి సెకను లోపే మాసిపోతుంది. పెద్దదైతే కొన్ని సెకన్లు నిలుస్తుంది. పైగాలులు చారను వంకరలు తిప్పుతుంటే ప్రతిధ్వని వణికి, ఒక్కోసారి రెండు పాయలుగా చీలుతుంది కూడా. అది చూస్తుంటే పొద్దు తెలియదు. సెకను దాటి నిలిచినవాటికి పట్టికలో వేరే గడి కేటాయించు. దూరపు స్టేషన్ నిమిషాల తరబడి గట్టిగా మోగుతోందంటే అది ఉల్క కాదు, స్పొరాడిక్ ఇ పొర, అంటే పై వాతావరణంలో అప్పుడప్పుడు ఏర్పడి రేడియో తరంగాలను తిప్పికొట్టే పొర. ఆ గంట లెక్క కొట్టెయ్యి.

తెల్లవారుజామున లెక్క పెరిగిందని ఉల్కాపాతం మొదలైందనుకోకు. ఉదయం 6 ప్రాంతంలో భూమి పోతున్న దిక్కుకు మనం ఎదురుగా ఉంటాం కనుక ఏ రోజైనా ఉల్కలు ఎక్కువే, సాయంత్రం 6 ప్రాంతంలో తక్కువే. అందుకే రెండు వారాల ముందునుంచే నమోదు మొదలుపెట్టు. మామూలు రోజుల లెక్క చేతిలో లేనిదే జెమినిడ్‌ల లెక్కకు అర్థం ఉండదు.

ఇంకో తిరకాసు ఉంది. ఉల్కలు చిమ్మినట్టు కనిపించే రేడియంట్ బిందువు నడినెత్తి దగ్గరికి వచ్చినప్పుడు, కంటితో చూసేవాళ్లకు పండగ, నీకేమో లెక్క పడిపోవచ్చు. అద్దం లాగే చార కూడా తగిన కోణంలో ఉంటేనే తరంగాన్ని నీ వైపు తిప్పుతుంది. అప్పుడు చారలన్నీ దాదాపు నిలువుగా పడతాయి, తరంగం నీకు అందదు. ఆ వేళప్పుడు యాంటెన్నా చెడిపోయిందని విప్పదీయకు.

సమయాలన్నీ సార్వత్రిక కాలమానంలోనే (యూటీసీ) రాయి. డిసెంబరు 14 రాత్రి గడిచేదాకా రిసీవర్ గెయిన్‌ను (సంకేతాన్ని పెంచే మోతాదును) ముట్టుకోవద్దు, యాంటెన్నాను కదపవద్దు. మొదటి వారం పట్టిక, అనుమానం వచ్చిన తెరబొమ్మలు నాకు పంపు, చూసి రాస్తాను.

బాబాయి