వెక్టర్స్ అర్థం కాకపోతే ఎంపీసీ మానేయాలా?

ప్రశ్న: మా అమ్మాయి టెన్త్ దాకా తెలుగు మీడియం. ఇప్పుడు ఇంగ్లీష్ మీడియంలో ఎంపీసీ. డిస్‌ప్లేస్‌మెంట్, వెలాసిటీ, వెక్టర్స్ ఏవీ తలకెక్కడం లేదని ఏడుస్తోంది. హైదరాబాద్‌లో ఐఐటీ బ్యాచ్‌లో వేయమంటారా, పాలిటెక్నిక్‌కి మార్చమంటారా? – ఒక తల్లి, ఖమ్మం

అమ్మా, ఏటా కాలేజీలు తెరిచిన రెండు నెలలకు ఈ ప్రశ్న వస్తూనే ఉంటుంది. అడిగేది కాలేజీ గురించే అయినా, లోపల గుబులంతా పిల్లకు తెలివి లేదేమోనని. టెన్షన్ పడకండి, తెలివికేం లోటు లేదు. వడి (స్పీడ్), వేగం (వెలాసిటీ), స్థానభ్రంశం (డిస్‌ప్లేస్‌మెంట్), త్వరణం (యాక్సిలరేషన్) అని తొమ్మిదో తరగతిలో చదివినవే ఇప్పుడు ఇంగ్లీష్‌లో ఒక్కసారిగా వచ్చి మీద పడ్డాయి.

మీరు బస్సులో హైదరాబాద్ వెళ్లి మళ్లీ ఇంటికొస్తే దాదాపు 400 కిలోమీటర్లు తిరిగినట్టు, కానీ బయల్దేరిన చోటికే చేరారు కాబట్టి డిస్‌ప్లేస్‌మెంట్ సున్నా, సగటు వెలాసిటీ కూడా సున్నానే. దిశ చెప్తే తప్ప పూర్తికానిది వెక్టర్. పడవ ఏటికి అడ్డంగా సెకనుకు 4 మీటర్లు, ప్రవాహం 3 మీటర్లు పోతుంటే కలిపి 7 రాదు, 5 వస్తుంది, అవి ఒకదానికొకటి లంబంగా ఉన్నాయి మరి. నిటారుగా పైకి విసిరిన బంతి శిఖరాన ఉన్న క్షణంలో వెలాసిటీ సున్నా, యాక్సిలరేషన్ మాత్రం అప్పుడూ కిందికి 9.8 మీ/సె². బట్టీ పట్టిన పిల్లలు ఇక్కడే దొరికిపోతారు.

ఐఐటీ బ్యాచ్ మీద నాకు గట్టి అనుమానాలే ఉన్నాయి. అక్కడ వెక్టర్స్ గబగబా ముగించి ప్రొజెక్టైల్స్‌కి (విసిరిన వస్తువుల కదలికకు) వెళ్లిపోతారు, మాట దగ్గరే ఆగిపోయిన పిల్ల కోసం ఎవరూ ఆగరు. జేఈఈ మెయిన్ 2021 నుంచి తెలుగులోనూ రాయొచ్చు, ఐఐటీ సీటుకు రాయాల్సిన అడ్వాన్స్‌డ్ మాత్రం ఇంగ్లీష్, హిందీల్లోనే, అంటే ఈ మాటలు ఎలాగూ నేర్చుకోవాల్సిందే. పక్కింటి అబ్బాయి చేరాడని, మాటలే అర్థంకాక ఏడుస్తున్న పిల్లను తీసుకెళ్లి హాస్టల్లో పడేస్తారా? మీరు ఇంత రాశారు, ఆమెకేం ఇష్టమో ఒక్క ముక్క రాయలేదు. ముందు అది అడగండి.

పాలిటెక్నిక్ మంచి దారే, డిప్లొమా తర్వాత ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏడాదిలో చేరొచ్చు. కానీ ఫిజిక్స్‌ని తప్పించుకోవడానికి వెళ్తే మొదటి ఏడాదిలోనే మళ్లీ వెక్టర్స్ ఎదురొస్తాయి.

దసరా సెలవుల దాకా ఏమీ మార్చకండి. ఆమె పాత తెలుగు పుస్తకం వెతికి ఇవ్వండి, కాలేజీ పుస్తకం పక్కన పెట్టుకుని రోజుకు రెండు మాటలు చూసుకోమనండి, ప్రతి లెక్కకూ ముందు బాణాలతో బొమ్మ గీయమనండి. వారం వారం పెట్టే పరీక్ష మార్కులు అడగడం మాత్రం అప్పటిదాకా ఆపేయండి.