ఆ రాత్రితో అయిపోలేదు

చిరంజీవికి ఆశీస్సులు.

హ్యూస్టన్ నుంచి నువ్వు పంపిన లారీ యౌంట్ వ్యాసం నిదానంగా చదివాను. తెలుగులో బేస్‌బాల్ గురించి రాసేవాళ్లే అరుదు. అందులోనూ అమెరికాలో పైస్థాయి పోటీ అయిన మేజర్ లీగ్‌లో ఒక్క బ్యాటర్‌కి కూడా బంతి వేయని పిచర్‌ని (బంతి విసిరే ఆటగాడిని) ఎంచుకున్నావు. ఆ ఎంపిక నాకు చాలా నచ్చింది. వ్యాసం మాత్రం ఇంకా కుదరలేదు.

మొదటి సగం బాగుంది. 1971 సెప్టెంబర్ 15, హ్యూస్టన్‌లోని ఆస్ట్రోడోమ్ స్టేడియం. అట్లాంటా బ్రేవ్స్ మీద హ్యూస్టన్ ఆస్ట్రోస్ వెనకబడి ఉంది. మామూలుగా చివరిదైన తొమ్మిదో ఇన్నింగ్స్‌కి 21 ఏళ్ల యౌంట్‌ని పంపారు. మేజర్ లీగ్‌లో అతనికదే మొదటి మ్యాచ్. దానికి కొద్దిరోజుల ముందు ఆర్మీ రిజర్వ్ డ్యూటీకి వెళ్లి వచ్చాడు, చేతికి సరైన ప్రాక్టీసు లేదు. పిచర్లు సిద్ధమయ్యే చోటు, బుల్‌పెన్‌లో వార్మప్ చేస్తుంటేనే మోచేయి నొప్పి మొదలైంది. మైదానం మధ్య పిచర్ నిలబడే మట్టి దిబ్బ, మౌండ్ ఎక్కి కొన్ని వార్మప్ బంతులు వేశాడు, నొప్పి తగ్గలేదు. బయటికి వచ్చేశాడు. అతని బదులు జిమ్ రే వచ్చాడు. ఇదంతా నువ్వు ఆర్భాటం లేకుండా చెప్పావు.

తర్వాత, ఒక్క బ్యాటర్‌కీ బంతి వేయకున్నా అతను మ్యాచ్ ఆడినట్టు లెక్క ఉండటాన్ని "రికార్డుల వింత" అని ఒక్క ముక్కలో దాటేశావు. అక్కడ ఆగాలి. మన పాఠకుడికి తెలిసింది క్రికెట్. అందులో బంతి వేయనిదే బౌలింగ్ లెక్కల్లో పేరు ఎక్కదు. బేస్‌బాల్‌లో పిచర్ మారినట్టు ప్రకటన వచ్చిందంటే అతను మ్యాచ్‌లో ఉన్నట్టే. అప్పటి నిబంధన ప్రకారం కనీసం ఒక బ్యాటర్‌కైనా బంతులు వేయాలి. గాయపడి వేయలేని స్థితిలో ఉన్నాడని అంపైర్ ఒప్పుకుంటేనే మినహాయింపు. ఆ ప్రకటన వల్ల యౌంట్‌కి ఒక మ్యాచ్ వచ్చింది, ఆ మినహాయింపు వల్ల అది ఖాళీగా మిగిలింది. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చెప్పకపోతే చదివేవాడికి ఏం జరిగిందో అర్థం కాదు.

ఇంకొకటి, అతని ఈఆర్ఏ (ఎర్న్‌డ్ రన్ యావరేజ్) సున్నా అని రాశావు. తప్పు. ఫీల్డర్ల తప్పుల వల్ల వచ్చినవి కాక పిచర్ ఖాతాలో పడిన పరుగులను తొమ్మిదితో హెచ్చవేసి, వేసిన ఇన్నింగ్స్‌తో భాగిస్తే వచ్చేది ఈఆర్ఏ. ఇన్నింగ్సే సున్నా అయినప్పుడు దేనితో భాగిస్తావు? ఆ గడి ఖాళీగా ఉంటుంది. ఈఆర్ఏ సున్నా అంటే తన ఖాతాలో అలాంటి పరుగు ఒక్కటీ పడని పిచర్ అని అర్థం, అది గొప్ప లెక్క. దాన్ని ఇతనికి అంటగట్టకు.

అసలు చిక్కు రెండో సగంలో ఉంది. "ఆ రాత్రితో అతని కెరీర్ ముగిసింది" అన్నావు. ముగియలేదు. తర్వాత కూడా మేజర్ లీగ్ కింది స్థాయి అయిన మైనర్ లీగ్‌లలో ఏళ్ల తరబడి బంతులు వేశాడు. 1974లో ఆస్ట్రోస్ అతన్ని మిల్వాకీ బ్రూయర్స్‌కి ఇచ్చేసింది. సీజన్‌కి ముందు జట్టు ఎంపిక జరిగే బ్రూయర్స్ వసంతకాలం క్యాంపులోనే తమ్ముడు రాబిన్ ఉన్నాడు, వయసు 18. తమ్ముడికి జట్టులో చోటు దొరికింది, అన్నకి దొరకలేదు. అంటే లారీ కెరీర్‌ని ఆపింది ఒక్క మోచేయి కాదు. ఏటా క్యాంపుకి వెళ్లడం, ఎంపిక కాకపోవడం, మళ్లీ చిన్న ఊళ్ల మైదానాలకు తిరిగి రావడం, ఇలా మెల్లగా ఆగింది. ఒక్క రాత్రిలో ముగిసిపోయే కథ రాయడం సులువు, చదివేవాడికి జాలి కూడా వెంటనే పుడుతుంది. ఇలా ఆగిపోయినదాన్ని రాయాలంటే ఓపిక కావాలి. ఆ ఓపిక నీకుందనే నా నమ్మకం, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

మౌండ్ దిగుతుంటే అతని కళ్లు చెమర్చాయని రాశావు. ఆ వాక్యం తీసెయ్. నీకెలా తెలుసు? 21 ఏళ్ల కుర్రాడు, సీజన్‌లో ఇంకో రెండు వారాల ఆట ఉంది. చెయ్యి కాపాడుకుంటే మరో ఛాన్స్ వస్తుందని అనుకుని ఉండొచ్చు కదా. అతనికి అప్పటికి తెలియని భవిష్యత్తును అతని కళ్లలో పెట్టడం అన్యాయం.

రాబిన్ మీద ఒక పేజీ అంతా ఖర్చు చేశావు. 20 సీజన్లు, 3,142 హిట్లు, 1999లో బేస్‌బాల్ గొప్ప ఆటగాళ్లకిచ్చే గౌరవం, హాల్ ఆఫ్ ఫేమ్. రెండు వాక్యాలు చాలు. దానికన్నా నాకు ఆసక్తి కలిగించేది వేరే ఉంది. ఆట వదిలాక తమ్ముడి కాంట్రాక్టుల వ్యవహారం చూసింది లారీయే. అరిజోనాలో రియల్ ఎస్టేట్‌లో స్థిరపడ్డాడు. నీ వ్యాసంలో వీటి ఊసే లేదు. ఓడిపోయినవాడిగా చూపించాలని ముందే అనుకున్నావు కాబట్టి ఇవి నీకు అడ్డొచ్చాయి. నువ్వు అనుకున్నదానికి అడ్డొచ్చే విషయం దొరికితే సంతోషించు, దాన్నే ముందు రాయి.

1968లో జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను తీసుకునే డ్రాఫ్ట్‌లో, ఐదో రౌండ్‌లో అతన్ని ఎంచుకున్నది ఆస్ట్రోసే. పుట్టింది కూడా హ్యూస్టన్‌లోనే. నువ్వు ఉంటున్న ఊరే కాబట్టి అక్కడి లైబ్రరీలో ఆనాటి పేపర్లు వెతుకు. 1968 నుంచి 71 దాకా మైనర్ లీగ్‌లలో ఏం చేశాడో, 71 తర్వాత ప్రతి వసంతంలో ఏం జరిగిందో ఏడాదివారీగా రాసుకో. నా అంచనాలో వ్యాసంలో సగానికి పైగా అదే ఉండాలి. ఆస్ట్రోడోమ్ రాత్రికి ఇప్పుడున్న రెండు పేరాలు సరిపోతాయి.

పత్రిక గడువు గురించి టెన్షన్ పడకు. రాసినంతవరకూ పంపు, నేను చూస్తాను.

ఆశీస్సులతో.