పాఠకుల ప్రశ్నలు: స్కూటరు పొగ, బుడమేరు నీరు, ఫ్లెక్సీ మొక్కలు

ప్రశ్న: ఈ మధ్యే ఎలక్ట్రిక్ స్కూటర్ కొన్నాను. "బెంజి సర్కిల్లో వదిలే పొగను ఇబ్రహీంపట్నంలో వదులుతున్నావు, అంతే తేడా" అని మా నాన్నగారు ఎగతాళి చేస్తున్నారు. ఆయన మాట నిజమేనా?
– డిగ్రీ విద్యార్థి, పటమట, విజయవాడ

జవాబు: కొంత నిజమే. ఇబ్రహీంపట్నంలోని నార్ల తాతారావు థర్మల్ విద్యుత్ కేంద్రం 1979 నుంచి బొగ్గు మండిస్తూనే ఉంది. 2023లో 800 మెగావాట్ల కొత్త యూనిట్ చేరడంతో దాని సామర్థ్యం 2,560 మెగావాట్లయింది. అక్కడి బూడిద సంగతి కొండపల్లి వైపు చుట్టాలున్న వారికి వేరే చెప్పనక్కరలేదు. అయితే నాన్నగారు మొదలుపెట్టిన లెక్కను చివరిదాకా వేసి చూద్దాం. పెట్రోలు స్కూటర్ లీటరుకు 50 కిలోమీటర్లు నడుస్తుందనుకుంటే వంద కిలోమీటర్లకు రెండు లీటర్లు కావాలి. లీటరు పెట్రోలు మండితే సుమారు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది కనుక మొత్తం నాలుగున్నర కిలోల పైమాటే. అదే దూరానికి మీ బండికి, ఛార్జింగులో వృథా అయ్యేదానితో కలిపి, మూడు నుంచి మూడున్నర యూనిట్లు సరిపోతాయి. ఆ కరెంటంతా బొగ్గుదేనని ఒప్పుకున్నా, యూనిట్‌కు కిలో చొప్పున మూడున్నర కిలోల దగ్గర ఆగుతుంది. మన గ్రిడ్‌లోకి జల, సౌర, పవన విద్యుత్తు కూడా వస్తుంది కాబట్టి అసలు లెక్క ఇంకా తక్కువే. బ్యాటరీ తయారీలో వెలువడే కాలుష్యాన్ని మాత్రం నేనిక్కడ కలపలేదు. ఆ బాకీ తీరాలంటే కొత్త మోడల్ రాగానే మార్చేయకుండా బండిని ఏళ్ల తరబడి నడపాలి. నాన్నగారి నోరు పూర్తిగా మూయించాలనుకుంటే, మేడ మీద సౌర ఫలకాలు పెట్టించమని ఆయననే అడగండి. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం కింద మూడు కిలోవాట్లకు 78,000 రూపాయల రాయితీ ఉంది.

ప్రశ్న: కూరగాయలకు గుడ్డసంచి పట్టుకెళ్తాను, తడి చెత్త, పొడి చెత్త వేరుచేసి ఇస్తాను. ఇంత చేసినా 2024 సెప్టెంబరులో మా ఇల్లు మునిగింది. నా గుడ్డసంచి బుడమేరును ఆపగలదా?
– గృహిణి, సింగ్‌నగర్, విజయవాడ

జవాబు: ఆపలేదమ్మా. మీ ఇల్లు మునగడానికి మీ వీధి చెత్త కారణం కాదు. మైలవరం వైపు కొండల్లో పుట్టి కొల్లేటికి పోయే బుడమేరు వరద ఊరి మీద పడకుండా, వెలగలేరు దగ్గర రెగ్యులేటర్ కట్టి, మళ్లింపు కాలువ ద్వారా ప్రకాశం బ్యారేజీకి ఎగువన కృష్ణలో కలిపే ఏర్పాటు ఉంది. కృష్ణ మామూలుగా ఉన్నంతకాలం ఇది బాగానే పనిచేస్తుంది. ఆ సెప్టెంబరు మొదట్లో బ్యారేజీ వద్ద ప్రవాహం 11.43 లక్షల క్యూసెక్కులకు చేరింది. 1957లో పూర్తయిన ఈ బ్యారేజీ అంతటి వరదను ఎన్నడూ చూడలేదు. నది అలా నిండి ఉన్నప్పుడు మళ్లింపు కాలువ నీరు అందులోకి దిగలేక వెనక్కు తంతుంది. దానికితోడు కాలువ గట్లకు గండ్లు పడ్డాయి.

నీరు తీయకముందే రాజకీయం మొదలైంది. గేట్లు ఎవరు ఎప్పుడు ఎత్తారు, ఎవరి హయాంలో పనులు ఆగాయి అని రెండు పక్షాలూ గట్టిగానే వాదించుకున్నాయి. 2005లోనూ ఈ వాగు ఊరిని ముంచింది. అప్పటికీ ఇప్పటికీ మధ్య దాని ఒడ్డున ఎన్ని ఇళ్లు లేచాయన్న ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి మాత్రం గొంతులు తగ్గుతాయి, ఎందుకంటే ఆ ఇళ్లలో అందరి ఓటర్లూ ఉన్నారు. ఈసారి ఓటు అడగడానికి వచ్చినవారిని రెండే ప్రశ్నలు వేయండి: మళ్లింపు కాలువ సామర్థ్యాన్ని ఎంతకు పెంచారు, మన పేట దగ్గర వాగు వెడల్పు ఎంత మిగిలింది? జవాబు అంకెల్లోనే కావాలని అడగండి.

గుడ్డసంచి మాత్రం మానకండి. మామూలు వానకే వీధి కాలువ పొంగడం వేరు, బుడమేరు గట్టు తెగడం వేరు. మొదటిదానిలో ప్లాస్టిక్ కవర్ల పాత్ర చాలా ఉంది. 120 మైక్రాన్ల కంటే పలుచని క్యారీ బ్యాగులపై 2022 డిసెంబరు 31 నుంచి దేశమంతా నిషేధం ఉన్నా, అడగకుండానే కవరు చేతిలో పెట్టే దుకాణాలకు మన ఊళ్లో కొదవ లేదు. ఇక చెత్త విషయానికొస్తే, 2021లో పెట్టిన చెత్త పన్ను మీద ఊరంతా చర్చ జరిగింది, అది 2024 చివరికి రద్దయింది కూడా. మీరు వేరుచేసి ఇచ్చిన చెత్త బండిలో మళ్లీ ఒకటవుతోందా అన్న చర్చ నాకైతే అంతగా వినబడలేదు.

ప్రశ్న: ప్రభుత్వ సేవలు వాట్సాప్‌లోకి రావడం వల్ల కాగితం మిగిలి పర్యావరణానికి మేలు జరుగుతుందా?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: 2025 జనవరి 30న మొదలైన 'మన మిత్ర' వల్ల మిగిలేది కాగితం కన్నా ఎక్కువగా బస్సు ప్రయాణం, ఒక పూట పని. ధ్రువపత్రం చేతికొచ్చాక మూడు జిరాక్సులు తీయించే అలవాటు పోతే కాగితం సంగతీ చూడవచ్చు.

ప్రశ్న: పుట్టినరోజని ఒక నాయకుడు మా వీధిలో మే నెలలో ఐదు మొక్కలు నాటారు, పాతిక ఫ్లెక్సీలు కట్టించుకున్నారు. మొక్కలు ఎండిపోయాయి, ఫ్లెక్సీలు పచ్చగా ఉన్నాయి. ఏమంటారు?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: మే నెల గుంటూరు ఎండకు పెద్ద మనుషులే సొమ్మసిల్లుతారు, మొక్కలెంత మాస్టారూ! ఫ్లెక్సీ పీవీసీతో తయారవుతుంది కనుక మట్టిలో కలవదు, తగలబెడితే విషవాయువులు వస్తాయి. 2022 ఆగస్టులో అప్పటి ముఖ్యమంత్రి విశాఖలో ఫ్లెక్సీల నిషేధం ప్రకటించారు. ఆ తరువాత ప్రభుత్వం మారింది, ఫ్లెక్సీల మీద బొమ్మలు కూడా మారాయి. మన పార్టీల మధ్య ఏకాభిప్రాయం లేదనేవారు ఈ ఒక్క విషయం గమనించినట్లు లేదు. గుడ్డ బ్యానర్ల మీద కుంచెతో అక్షరాలు రాసే చేయితిరిగిన కళాకారులు ఒకప్పుడు ప్రతి ఊళ్లోనూ ఉండేవారు. ఆ పని తిరిగి వస్తే నేతగాడికీ, రాతగాడికీ నాలుగు డబ్బులు దొరుకుతాయి. అంతవరకు మీరొక పని చేయండి. తొలకరి పడ్డాక అవే గుంటల్లో వేప మొక్కలు పెట్టించి, ఆ ఫ్లెక్సీలకు కట్టిన కర్రలతోనే వాటికి కంచె వేయించండి.