మేపుల్ నారతో పావడాలు

ప్రశ్న: కాలిఫోర్నియాలో రెడ్‌వుడ్ అడవులు చూడ్డానికి వెళ్తే విస్తరాకంత ఆకులున్న మేపుల్ చెట్టు కనిపించింది. అక్కడి యురోక్ తెగవాళ్లు దీని నుంచే సిరప్ తీసేవారా?

జవాబు: సిరప్ అంటే ముందు గుర్తుకొచ్చేది షుగర్ మేపుల్, అది ఖండానికి అటు చివర, తూర్పున పెరిగే చెట్టు. మీరు చూసింది బిగ్‌లీఫ్ మేపుల్. శాస్త్రీయనామం ఏసర్ మాక్రోఫిల్లమ్, అందులో రెండో మాటకి అర్థమే పెద్దాకుది అని. ఆకు 30 సెంటీమీటర్ల దాకా ఉంటుంది కాబట్టి మీ విస్తరాకు పోలిక మరీ ఎక్కువేం కాదు!

క్లామత్ నది దిగువన ఉండే యురోక్‌లకు ఈ చెట్టులో ముఖ్యంగా పనికొచ్చింది లోపలి బెరడు. దాన్ని ఒలిచి, సన్నటి పోగులుగా చీల్చి, ఆడవాళ్లు నడుముకి కట్టుకునే పావడాలు చేసేవారు. మన పురాణాల్లో నారచీరలు అంటారే, దాదాపు అలాంటివే అనుకోండి. ఇవి రోజువారీ బట్టలు, పండగ నాట్యాలకైతే గవ్వలూ గింజలూ కుట్టిన జింకతోలు పావడాలు వేరే ఉండేవి, అడుగు వేస్తే గలగలమనేవి. అయినా పిల్ల పెద్దమనిషి అయినప్పుడు మాత్రం కట్టేది ఈ సాదా మేపుల్ నారే. నాకు భలే నచ్చిన సంగతి ఇది.

పడవలు మాత్రం రెడ్‌వుడ్ మానుని తొలిచి చేసేవారు. అన్నట్టు, యురోక్ అనేది పక్కనుండే కరుక్ తెగవాళ్ల మాట, నదికి దిగువ వైపు అని.